పదో మనిషి

కుర్చీలో కూర్చోగానే అప్పలలక్ష్మి ఎడమచేతి జాకెట్టును భుజం వైపు జరుపుకోబోయింది. పొద్దున్నపూట ఆమె వేళ్ళు వంగవు. ఆ కాస్త గుడ్డ పైకి పోవడానికి అరచేతి అంచుతో నాలుగైదుసార్లు తోసుకోవలసి వచ్చింది. బడి వరండాలో టేబులు పక్కన నిలబడ్డ నర్సమ్మ రోజారమణి సూది చేత్తో పట్టుకుని ఎదురుచూసింది.

"షుగరుందా?"

"లేదండి."

"బీపీ?"

"లేదండి."

"ఇంకేమైనా మందులు వాడుతున్నావా?"

వెనకాల వరసలోంచి ఎవరో ఆడమనిషి "లేదనీయే" అని గొణిగింది. అప్పలలక్ష్మికి వినబడింది. నాలుగు నెలల నుంచి ఆ మాట అందరూ చెబుతూనే ఉన్నారు. అబద్ధం ఆడి సూది వేయించుకుంటే తర్వాత ఏదైనా అయినప్పుడు ఎవరికి ఏమని చెప్పుకోవాలో ఆమెకు తెలియదు.

"కీళ్ళవాతానికి వాడతన్నానండి."

రోజారమణి సూదిని తిరిగి ట్రేలో పెట్టేసింది. మాస్కు పైన ఆమె కళ్ళు అప్పుడు ఆనవాలు పట్టాయి. "నువ్వా! పోయిన నెల్లో రెండుసార్లు చెప్పాను కదమ్మా, నీకు వెయ్యకూడదని. లే, లే. వెనకాల జనం ఉన్నారు."

"మా డాక్టరమ్మ యెయ్యొచ్చని రాసిచ్చినారండి." అప్పలలక్ష్మి సంచిలోంచి విశాఖ ఆసుపత్రి చీటీ తీసింది. "నా ఒంట్లో కాపలా కాసే శక్తి తిరగబడి నా కీళ్ళనే కొరికేత్తందంటండి. అది అణగడానికి ఆదివారం ఆదివారం మాత్రలు మింగుతాను. ఆ మాత్రలు మింగినోళ్ళు కరోనా వొస్తే తట్టుకోలేరంట. అందుకే అందరికన్నా బేగి యేయించుకోమన్నారు."

రోజారమణి ఆ చీటీని ముట్టుకోలేదు. "అది ప్రైవేటు కాయితం. రేపు నీకేదైనా అయితే నన్నడుగుతారు, మీ డాక్టరమ్మని కాదు. లే తల్లీ."

అప్పలలక్ష్మి లేచింది. జాకెట్టు చెయ్యి కిందికి దింపుకోవడానికి మళ్ళీ అంతసేపూ పట్టింది. ఈలోగా వెనకాల మనిషి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది, షుగరు లేదంది, బీపీ లేదంది, మందులేవీ లేవంది, సూది వేయించుకుని లేచిపోయింది. ఆమెకు షుగరుందని వీధిలో అందరికీ తెలుసు.

తుని రోడ్డులో ఉన్న జీడి షెడ్డుకు చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. ఎండబెట్టిన జీడిపప్పు పళ్ళాలు అప్పటికే బల్లల మీద పరిచి ఉన్నాయి. మిగతా ఆడవాళ్ళు బొటనవేలితో నొక్కి చిన్న కత్తితో పొట్టు తీస్తున్నారు. అప్పలలక్ష్మి పొద్దున్నపూట కత్తి పట్టలేదు. పది దాటేదాకా ఆమెది ఏరుడు పని. గుండు ఒక పక్కకి, బద్ద ఒక పక్కకి, మాడింది ఇంకో పక్కకి. వేళ్ళు ముడవకుండా అరచేతి వారతో పప్పును తోస్తుంది. చూపు మటుకు చురుకు. మాడిన గింజ ఒక్కటి కూడా ఆమె చెయ్యి దాటి పోదు. అందుకే మేస్త్రీ గణేశ్వరరావు ఆమెను మానిపించలేదు.

ఆ రోజు మాత్రం అతను బల్ల దగ్గరకే వచ్చాడు.

"ఏటి లక్ష్మీ, అయిందా?"

"యెయ్యనన్నారండి."

"గురువారం పప్పు కొనే కంపెనీ మనిషి వొస్తన్నాడు. షెడ్డులో అందరికీ టీకా అయినట్టు కాయితం ఉంటేనే సరుకెత్తుతాడంట. కాయితం లేనోళ్ళు ఆ పూట నుంచీ రావద్దు. ఇది నా మాట కాదు." అందరికీ వినబడేలా తిరిగి అన్నాడు. "ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు. సోమలమ్మా, నీకూ సెప్తన్నాను."

సోమలమ్మ తలెత్తకుండా పొట్టు ఊదింది. "ఆ సూది నాకొద్దు బాబూ. మా తోడికోడలు యేయించుకుని వారం మంచమ్మీంచి లెగలేదు. నన్ను మంచం పట్టించి కాయితం సేత్తో పెడతారా?"

"నాకు కాయితం కావాల. నువ్వు మంచమ్మీద ఉంటావో మేడమీద ఉంటావో నాకెందుకు?" అని మేస్త్రీ వెళ్ళిపోయాడు.

ఆడవాళ్ళు నవ్వారు. ముసలి అచ్చియమ్మ ఒక్కతే నవ్వలేదు. సూది పేరెత్తితే ఆమె కత్తి పక్కన పెట్టేస్తుంది. అప్పలలక్ష్మి అది చూసింది. వద్దనుకునేవాళ్ళను వేయించుకోమని తరుముతున్నారు. కావాలని నాలుగు నెలలుగా తిరుగుతున్న తనను కుర్చీలోంచి లేపుతున్నారు. చేతికింద పప్పు ఒక్కసారిగా కుప్పగా జరిగింది. ఆమె మళ్ళీ విడదీసి ఏరడం మొదలుపెట్టింది.

మంగళవారం పదకొండు గంటలప్పుడు కొక్కేనికి తగిలించిన సంచిలో ఆమె ఫోను మోగింది. పనిలో ఫోను తీయకూడదు. కానీ మేస్త్రీ లోపల డ్రయ్యరు దగ్గర ఉన్నాడు. సోమలమ్మ లేచి తీసి ఆమె చెవి దగ్గర పట్టింది. వార్డు వలంటీరు గోపీకృష్ణ.

"పిన్నీ, నీ ఫోనుకి ఒక నంబరొచ్చింది. ఓటీపీ. బేగి చెప్పు."

వాళ్ళ వీధిలో ఓటీపీ చెప్పడం మంచినీళ్ళివ్వడం లాంటిది. రేషనుకి చెబుతారు, పింఛనుకి చెబుతారు, పిల్లల బడి డబ్బులకి చెబుతారు. గోపీకృష్ణ అడిగితే ఎందుకని ఎవరూ అడగరు. అడిగితే నొచ్చుకుంటాడు. అతను నొచ్చుకుంటే ఆ నెల ఏదో ఒకటి ఆగుతుంది.

"దేనికి బాబూ?" అయినా అడిగింది అప్పలలక్ష్మి.

"టీకా గురించే పిన్నీ. నీ పని మీదే ఉన్నాను."

ఆమె ముఖం విప్పారింది. సోమలమ్మ అంకెలు ఒక్కొక్కటే చదివింది. అప్పలలక్ష్మి వాటిని గట్టిగా, తప్పు పోకుండా చెప్పింది.

తర్వాత సోమలమ్మ ఫోను మోగింది. ఆ తర్వాత అచ్చియమ్మది. భోజనాల వేళకు తొమ్మిది ఫోన్లూ మోగాయి. "ఈయేల మన గోపీకి అందరి మీదా మనసైంది" అంది సోమలమ్మ. షెడ్డంతా గొల్లున నవ్వింది.

సాయంత్రం ఇంటికొచ్చి గోరువెచ్చని నీళ్ళలో చేతులు ముంచి కూర్చున్నప్పుడు కూతురు సాయిప్రియ ఫోను చూస్తూ, "మా! నీకు టీకా యేసీసినారంట" అంది.

"ఎవరికి?"

"నీకే. ఇదిగో, సర్టిఫికెట్టు కూడా వొచ్చింది. మొదటి డోసు, ఈ రోజు తారీకు. వేసినవారు రోజారమణి."

అప్పలలక్ష్మి నీళ్ళలోంచి చేతులు తీసి రెండు భుజాలూ తడుముకుంది. తడి జాకెట్టుకు అంటుకుంది. తాను చేసిన పని చూసి తనకే సిగ్గేసింది.

"సర్లే మా, ఇక పని పోదు కదా" అంది సాయిప్రియ. ఇంటరు రెండో సంవత్సరం చదువుతోంది. తల్లి పని పోతే తన చదువు ఎక్కడ ఆగుతుందో ఆ పిల్లకి తెలుసు. "నొప్పీ లేదు, జొరమూ లేదు. కాయితం వొచ్చింది."

"ఏటికొప్పాక చిట్టితల్లి గుర్తుందా నీకు?"

"డాక్టరమ్మ దగ్గర నీ పక్కన కూర్చునేదా?"

"అదే జబ్బు, అవే మాత్రలు. మే నెల్లో జొరమొచ్చింది. నాలుగో రోజుకి మనిషి లేదు. ఆయమ్మకి కాయితం ఉంటే బతికుండేదా?"

సాయిప్రియ ఫోను పక్కన పెట్టేసి వచ్చి తల్లి చేతులు తన చేతుల్లోకి తీసుకుని తుడిచింది.

బుధవారం సగం పూట సెలవడిగి అప్పలలక్ష్మి వార్డు సచివాలయానికి వెళ్ళింది. గోపీకృష్ణ కంప్యూటరు ముందున్నాడు. ఆమెను చూడగానే తనే కుర్చీ జరిపాడు.

"కూచో పిన్నీ. మెసేజీ వొచ్చింది కదా? నువ్వు తిరుగుతుంటే నాకే జాలేసింది."

"నాకు సూది యెయ్యలేదు బాబూ."

"వెయ్యరు కూడా. నీకున్న జబ్బుకి ఎవరేస్తారు? అందుకే కదా..." గొంతు తగ్గించాడు. "మన వార్డులో ఇరవైమూడు పేర్లు ఎర్రగా ఉండిపోయాయి పిన్నీ. రోజూ సాయంత్రం మీటింగులో మమ్మల్ని నిలబెట్టి అడుగుతున్నారు. వేయించుకోనివాళ్ళు వేయించుకోరు, నీలాంటివాళ్ళకి వెయ్యరు. ఆ పేర్లు ఎప్పటికి పచ్చగా మారతాయి? ఇప్పుడు నీకు పనుంది, నాకు తిట్లు లేవు. ఎవరికి నష్టం?"

"నాకు."

అతను నవ్వబోయి ఆగాడు.

"యెయ్యం అన్నదీ మీరే, యేసేం అన్నదీ మీరే. రేపు నాను ఎక్కడికెళ్ళి సెయ్యి సాపినా, నీకయిపోయింది పో అంటారు. ఇప్పటిదాకా నాకు జబ్బొక్కటే అడ్డం. నువ్వు ఇంకోటి పెట్టినావు. తీసీ బాబూ అది."

"తియ్యడం మన చేతిలో లేదు పిన్నీ."

"పెట్టడం ఉందేటి?"

"ఓటీపీ నువ్వే కదా చెప్పావు!" గోపీకృష్ణ గొంతు పెరిగింది. పక్క బల్లల వాళ్ళు తలతిప్పి చూశారు. "నేనేమన్నా దొంగతనం చేశానా? అడిగాను, చెప్పావు."

అప్పలలక్ష్మి సంచిలోని ఫోను వైపు చూసుకుంది. చెప్పింది నిజమే. తప్పు పోకూడదని గట్టిగా మరీ చెప్పింది. కుర్చీ చేతుల మీద మోచేతులు ఆనించి లేచి, గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ నిలబడి, "నిన్ను నమ్మి సెప్పేను బాబూ" అని మాత్రం అని బయటికొచ్చింది.

రోజారమణి ఆరోగ్య కేంద్రంలో ఐసు పెట్టె కడుగుతోంది. అప్పలలక్ష్మి ఫోను ఆమె కళ్ళ ముందు పెట్టింది. "మీ పేరుంది మేడం."

రోజారమణి చేతులు తుడుచుకుని చదివింది. ముఖంలో ఆశ్చర్యమేమీ లేదు. అలసట ఉంది.

"నా లాగిను సచివాలయంలో అందరి దగ్గరా ఉంటుందమ్మా. నేనొక్కదాన్నీ సూదులు వేసుకుంటూ అవన్నీ ఎక్కించలేను."

"పేరు మీది కదండీ."

"అయితే నన్నేం చెయ్యమంటావు?" ఆమె గొంతులో మొదటిసారి కోపం వచ్చింది. "నీకు వేశాననుకో. నువ్వు వాడే మందులకి రేపు ఏదైనా అయిందనుకో. నా ఉద్యోగం పోతుంది. నాకూ పిల్లలున్నారు."

"నాకు కరోనా వొచ్చి పోతే ఎవరి ఉద్యోగం పోతాదండి?"

రోజారమణి ఐసు పెట్టె మూత కింద పెట్టింది. తర్వాత మెల్లగా అంది. "ఒకవేళ వెయ్యొచ్చనే అనుకో. నీ ఒక్కదానికి ఎలా వెయ్యను? ఒక్కో సీసాలో పది డోసులుంటాయి. మూత తీస్తే నాలుగు గంటల్లో అయిపోవాలి, లేకపోతే పారబొయ్యాలి. పారబోస్తే సంజాయిషీ రాయాలి. పదిమంది ఉంటేనే సీసా విప్పమని మాకు చెప్పారు. మన వార్డులో ఇంకెవరున్నారు? లిస్టులో అందరికీ అయిపోయింది."

"అయిపోయినట్టు రాసినారు."

"అదే."

"అంటే ఇంక సీసా విప్పరు."

రోజారమణి మూత తీసి పెట్టె మీద బిగించింది. అప్పలలక్ష్మి తిరిగి షెడ్డుకు నడిచింది. మధ్యాహ్నం ఎండ రోడ్డు మీద తెల్లగా ఉంది. చీటీ, ఫోను రెండూ ఉన్న సంచిని మోచేతికి తగిలించుకుని, ఎవరికో జవాబు చెబుతున్నట్టు పెదాలు కదుపుతూ నడిచింది. ఎదురొచ్చినవాళ్ళు పక్కకి తప్పుకున్నారు.

గురువారం పొద్దున్న షెడ్డు గేటు లోపల బల్ల వేసి ఉంది. విశాఖ నుంచి వచ్చిన కంపెనీ మనిషి దాని వెనక కూర్చున్నాడు. నడివయసువాడు, మెడలో కార్డు, ముందు ఒక పెద్ద కాయితం. ఆడవాళ్ళు వరసగా ఫోను చూపించి, అతను చెప్పిన చోట సంతకమో వేలిముద్రో పెట్టి లోపలికి పోతున్నారు. సోమలమ్మ పెట్టింది. అచ్చియమ్మ వేలు ఇంకులో ముంచి పెట్టి, ఆ వేలిని గోడకు రాసి వెళ్ళింది. మేస్త్రీ గణేశ్వరరావు కూడా తన ఫోను చూపించి పక్కన నిలబడ్డాడు. ముఖం తేటగా ఉంది.

అప్పలలక్ష్మి వంతొచ్చింది. కాయితం పైన తెలుగులో ఒక వాక్యం ఉంది. ఊళ్ళో ఏడో తరగతి దాకా చదివిన చదువుతో ఆమె దాన్ని నెమ్మదిగా చదువుకుంది. నేను కరోనా టీకా వేయించుకున్నానని ధ్రువీకరిస్తున్నాను.

"ఇక్కడమ్మా" అన్నాడు అతను.

"నాకు యెయ్యలేదండి."

"ఫోనులో ఉంది కదా."

"ఫోనులో ఉందండి. నా ఒంట్లో లేదు."

మేస్త్రీ చప్పున ముందుకొచ్చాడు. "దానికి ఒంట్లో బాగోదండి, ఏదో మాటాడతాది. లక్ష్మీ, సంతకం పెట్టి లోపలికెల్లు."

"మంగళవారం పొద్దున్నుంచీ నాను బల్ల కాడే ఉన్నాను కదండీ మేస్త్రీ గారూ. తమరే హాజరేసినారు."

కంపెనీ మనిషి తలెత్తి ఆమెను చూశాడు. తర్వాత హాజరు పుస్తకం ఇమ్మన్నాడు. మంగళవారం పేజీ తీసి, తన కాయితంలో తారీకుల మీదుగా పెన్ను పోనిచ్చాడు. ఒకచోట ఆగింది. మళ్ళీ ఆగింది. "తొమ్మిది మందికి మంగళవారమే టీకా అయింది. ఆ తొమ్మిది మందికీ మంగళవారం పూర్తి హాజరుంది. వీళ్ళంతా టీకాకి వెళ్తే ఇక్కడ పప్పు ఎవరు ఒలిచారండీ?"

గణేశ్వరరావు ఫ్యాను వైపు చూశాడు.

"మావాళ్ళు ఈ సరుకు బయటిదేశం పంపుతారు. రేపు ఇది బయటపడితే నా మెడకి చుట్టుకుంటుంది. ఈ తొమ్మిది మందీ నిజంగా వేయించుకుని వస్తేనే లోపలికి. అంతదాకా లారీ ఇక్కడే ఉంటుంది."

పేర్లు పిలిచి మిగతా ఎనిమిది మందినీ కూడా బయటికి పంపేశారు. గేటు బయటకు రాగానే సోమలమ్మ విరుచుకుపడింది.

"నీకేటి పొయ్యేకాలమే! ఒక్క సంతకం పెడితే నీ సొమ్మేటి పోతాది? నీకు సూది మీద మోజైతే నువ్వెల్లి పొడిపించుకో. మా కూటి మీద మన్నెందుకు పోసినావు?"

"నీ పేరు నాను సెప్పలేదు కదే."

"సెప్పక్కర్లేదు, నువ్వు నోరిప్పితే సాలు!"

అచ్చియమ్మ రోడ్డు పక్కనే కూలబడి ఏడుపు మొదలుపెట్టింది. మిగతావాళ్ళు తలో మాటా అన్నారు. అప్పలలక్ష్మికి వాళ్ళ మీద కోపం రాలేదు. వాళ్ళను చూస్తూ నిలబడింది. లెక్క ఆమె మనసులో తనంతట తానే పడింది. తొమ్మిది.

"నాను బడి కాడికెల్తన్నాను" అంది. "ఈయేల గురువారం. నర్సమ్మ ఉంతాది. మనందరికీ సూదులేసినట్టు ఆయమ్మ పేరు మీదే ఉంది. తిట్టాలంటే నన్నెందుకు, ఆయమ్మనే తిట్టండి."

"పద, తిడతాను! జుట్టు పట్టుకుని మరీ తిడతాను" అంది సోమలమ్మ. కొంగు నడుముకి బిగించింది.

అలా తొమ్మిదిమంది ఆడవాళ్ళు నరసీపట్నంలో తుని రోడ్డు మీద పనివేళలో బయల్దేరారు. అందరికన్నా ముందు సోమలమ్మ, అందరికన్నా వెనక అచ్చియమ్మ. ఆటోవాళ్ళు ఏ ధర్నాకని అడిగారు. "నీ పెళ్ళికి!" అంది సోమలమ్మ.

బడి వరండా ఖాళీగా ఉంది. టేబులు, ఐసు పెట్టె, వరసగా వేసిన పది కుర్చీలు, వాటి వెనక ఒక్కతే రోజారమణి. అందరికీ అయిపోయిన వార్డులో ఆ రోజు రావలసినవాళ్ళు ఎవరూ లేరు. ఇంతమందిని చూసి ఆమె లేచి నిలబడింది.

సోమలమ్మ అన్నంత పనీ చేసింది, జుట్టు ఒక్కటి తప్ప. మమ్మల్ని అడక్కుండా మా చేతులు ఎలా పొడిచావంది. మా కూడు పోయింది, నువ్వు పెడతావా అంది. వినేవాళ్ళెవరూ లేని ఆ వరండాలో ఆమె గొంతు బడి చివరి గది దాకా వెళ్ళి తిరిగొచ్చింది. సోమలమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు రోజారమణి అప్పలలక్ష్మి వైపు తిరిగింది.

"నిన్న నువ్వెళ్ళాక మా డాక్టరు గారికి ఫోను చేశాను. నీ మాత్ర పేరు చెప్పి అడిగాను."

"ఏటన్నారండి?"

"వెయ్యొచ్చన్నారు. ఈ జబ్బులున్నవాళ్ళకి ముందే వెయ్యాలన్నారు. టీకా వేశాక ఆ వారం మాత్ర ఒక్కటీ ఆపి, మీ డాక్టరమ్మని అడిగి మళ్ళీ మొదలుపెట్టమన్నారు."

"ఇప్పుడు కొత్తగా రూలు మార్చినారేటండి?"

"లేదు." రోజారమణి టేబులు మీదున్న దూది ఉండను అటూ ఇటూ జరిపింది. "మొదటి నుంచీ అంతేనట."

"మరి నాలుగు నెల్లు నన్ను ఎందుకు లేపీసినారు?"

"ఎవరూ అడగలేదమ్మా. నేనూ అడగలేదు."

అప్పలలక్ష్మి దగ్గరున్న కుర్చీలో కూర్చుండిపోయింది. రాళ్ళు రువ్వాలన్నంత కోపం వచ్చింది. ఏదో పెద్ద అడ్డుగోడ ఉందనుకుని ఇన్నాళ్ళూ చుట్టూ తిరిగింది. అక్కడ ఏమీ లేదు. ఒక్క ఫోను. ఏప్రిల్లోనో మేలోనో ఎవరైనా ఒక్క ఫోను చేసి ఉంటే, తనకే కాదు, ఏటికొప్పాకలో ఇంకొకామెకి కూడా సరిపోయేది.

"అయితే ఇప్పుడు యెయ్యండి."

రోజారమణి చూపుడు వేలితో అందరినీ లెక్కపెట్టింది. "తొమ్మిదే ఉన్నారు" అంది ఇబ్బందిగా.

"ఒక్క మనిషికి సీసా ఆపుతారా!" సోమలమ్మ అరిచింది. రోడ్డంతా సూది వద్దన్న మనిషి ఆమే. కానీ ఇప్పుడు ఎవరో ఇవ్వనంటున్నారు కాబట్టి ఆమెకు కావాలి. "మేం లేకుండా మా పేర్లు రాసీటప్పుడు లెక్క లేదు, యేసీటప్పుడు లెక్కొచ్చిందేటి?"

అప్పుడే గేటు దగ్గర మోటారుసైకిలు ఆగింది. మేస్త్రీ గణేశ్వరరావు దిగి, చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "ఏటయింది? లారీ నిలబడిపోయింది. యజమాని ఫోన్లమీద ఫోన్లు. బేగి కానీండి."

"ఒక మనిషి తక్కువైనాడండి" అంది అప్పలలక్ష్మి. ఏరుడు బల్ల దగ్గర చూసినట్టే అతన్ని చూసింది. "తమరిది ఏ సేతికేసినారండి మేస్త్రీ గారూ?"

గణేశ్వరరావు కుడిచేత్తో ఎడమభుజం పట్టుకున్నాడు. వెంటనే ఎడమచేత్తో కుడిభుజం పట్టుకున్నాడు. తర్వాత రెండు చేతులూ కిందికి దించేశాడు.

ముందు నవ్వింది అచ్చియమ్మే. ఏడ్చి ఏడ్చి ఉన్న గొంతుతో కీచుమని నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. సోమలమ్మ కడుపు పట్టుకుని గోడకు ఆనుకుంది. "మంచమ్మీద ఉంతారా, మేడమీద ఉంతారా బాబూ!"

అతను ఎవరి వైపూ చూడకుండా చేతి గడియారం తీసి జేబులో వేసుకుని, చొక్కా బొత్తాం విప్పుకుంటూ వరసలో పదో కుర్చీలో కూర్చున్నాడు.

రోజారమణి సీసా తీసి మూత విప్పింది. "నువ్వు ముందు రా" అని అప్పలలక్ష్మిని పిలిచింది. అలవాటు కొద్దీ అడిగింది. షుగరు, బీపీ, మందులు. అలవాటు కొద్దీ అప్పలలక్ష్మి నిజమే చెప్పింది. జాకెట్టు జరుపుకోబోతే రోజారమణి తనే వంగి జరిపింది. చీమ కుట్టినంత నొప్పి. ఇంతేనా అనిపించింది.

అచ్చియమ్మ వంతు వచ్చినప్పుడు ఆమె అప్పలలక్ష్మి చెయ్యి దొరకబుచ్చుకుంది. వాచిన వేళ్ళు అని చూసుకోలేదు. గట్టిగా పిండేసింది. నొప్పికి అప్పలలక్ష్మి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని చెయ్యి లాక్కోలేదు.

అరగంట కూర్చోవాలని రోజారమణి చెప్పింది. పదిమందీ కూర్చున్న కాసేపటికి గోపీకృష్ణ పరుగున వచ్చాడు. ఎవరో చెప్పినట్టున్నారు. కుర్చీల వరస చూసి అతని ముఖం చాటంత అయింది.

"హమ్మయ్య! వేసేశారా మేడం? ఇంక ఏ గొడవా లేదు. ఎంట్రీ ఎలాగూ ఉంది, ఇప్పుడు సూదీ అయింది. అంతా సరిపోయింది. పిన్నీ, నువ్వు కోరిందీ జరిగింది. లెగండి, ఒక ఫోటో తీసుకుంటాను."

కొందరు లేవబోయారు. అప్పలలక్ష్మి లేవలేదు.

"సరిపోలేదు బాబూ. మంగళవారం అని ఉంది. నాకు యేసింది గురువారం."

"రెండ్రోజుల తేడా పిన్నీ! ఎవరడుగుతారు?"

"నానడుగుతాను. నువ్వు మంగళవారం రాసినావు కాబట్టి ఈయేల నాకు యేసింది ఎక్కడా లేనట్టే. అలగైతే మీరు యెయ్యకపోయినా ఇంతే, యేసినా ఇంతే. నా జబ్బుకి యెయ్యరన్నమాట కూడా అలగే ఉండిపోతాది. రేపు ఈ కుర్చీలోకి ఇంకో కీళ్ళవాతం మనిషి వొస్తాది. ఆయమ్మనీ లేపీస్తారు." ఆమె రోజారమణి వైపు తిరిగింది. ఇంతసేపు మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. "మీ పెద్ద పుస్తకంలో రాయండి మేడం. పది పేర్లూ. ఈ రోజు తారీకు. నా పేరు పక్కన నా జబ్బు పేరు, నా మాత్ర పేరు, టీకా యేసేమని."

"అది రాస్తే మంగళవారం ఎంట్రీలు తప్పని తేలిపోతాయి పిన్నీ" అన్నాడు గోపీకృష్ణ. నవ్వు పోయింది. "మేడం పేరు మీదే ఉన్నాయి అవి. ముందు ఆవిడకే చుట్టుకుంటుంది."

రోజారమణి పుస్తకం మీద చెయ్యి పెట్టుకుని ఉండిపోయింది. తీయలేదు, తెరవలేదు.

"లెగవే లక్ష్మీ" అన్నాడు మేస్త్రీ. "లారీ..."

"తమరు కూకోండి" అంది సోమలమ్మ. తన కుర్చీలో ఇంకాస్త వెనక్కి జరిగి కాళ్ళు చాపుకుంది. "నాకు కళ్ళు తిరుగుతున్నాయి. రాసీదాకా తిరుగుతాయి."

"నాకూ" అంది అచ్చియమ్మ.

ఎవరూ లేవలేదు. పది కుర్చీల్లో పదిమంది. మేస్త్రీ కూడా లేవలేకపోయాడు. లేస్తే తన పేరు ఏ తారీకు కింద ఉండిపోతుందో ఆలోచించుకుంటున్నట్టు నేల చూస్తూ కూర్చున్నాడు. గోపీకృష్ణ ఫోను చేత్తో పట్టుకుని వరండా చివరిదాకా వెళ్ళి ఎవరికో చెయ్యబోయి, చెయ్యకుండానే తిరిగొచ్చాడు.

రోజారమణి పుస్తకం తెరిచింది. ఖాళీ పేజీ తీసి పైన తారీకు వేసింది. గురువారం అని కూడా రాసింది. ఆమె మొహం పాలిపోయి ఉంది. "పేరు?" అంది, ఎన్నడూ ఎరగనట్టు.

"అప్పలలక్ష్మి."

"వ్యాధి?"

"కీళ్ళవాతం."

మాత్ర పేరు ఆమె అక్షరం అక్షరం చెప్పింది. రోజారమణి రాసి, అడక్కుండానే పైకి చదివి వినిపించింది. తర్వాత పుస్తకాన్ని ఆమె వైపు తిప్పి పెన్ను ఇచ్చింది.

అప్పలలక్ష్మి పెన్నును వేళ్ళతో పట్టలేక రెండు అరచేతుల మధ్య ఇరికించుకుంది. ‘ప్ప’ దగ్గర ఒకసారి ఆగింది, ‘క్ష్మి’ దగ్గర మళ్ళీ ఆగింది. రోడ్డు మీద లారీ హారను మోగుతోంది. ఆమె ఆఖరి అక్షరం పూర్తయ్యేదాకా ఎవరూ తొందరపెట్టలేదు.